లేవని చెయ్యి

"చెయ్యెత్తురా ఐలేశం!"

వాడు కొత్తగ చేరిన నెల సంది గిదే అరుపు. కాలేజీ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుడే నా కొలువు, గిసొంటి మొండోన్ని ఎన్నడు చూడలే. బంతి నెత్తి మీదికెల్లి పోతున్నా వాని ఎడమచెయ్యి భుజం దాటి లేవదు. ఓడని ఆట లేదు.

గా దినం ఆట నడుమ గ్రౌండులకు మిలిటరీ లారీ వచ్చింది. రజాకార్లు పోయినంక వీళ్లు కమ్యూనిస్టు సంగపోళ్ల వెంట పడ్డరు. నెల కింద భుజంల తూటా తగిలినోడొకడు మా నల్లగొండల దాగిండట.

"హాత్ ఊపర్!" అన్నడు లారీ దిగిన జమాదారు.

పిల్లలందరు రెండు చేతులెత్తిండ్రు. ఐలేశం ఎడమచెయ్యి భుజం కాడ్నే ఆగింది.

నాకప్పుడు సమజైంది. ఉరికిపోయి వాని చెంప మీద ఒక్కటిచ్చి, ఉర్దూల మొత్తుకున్న.

"మూడేండ్ల సంది చెప్తున్న సాబ్! గీ చెయ్యి లేవనే లేవదు!"

జమాదారు పిల్లల దిక్కు చూసిండు.

"మూడేండ్ల సంది సాబ్," అన్నరందరు ఒక్క గొంతుతోని.

లారీ పోయింది.

ఐలేశంను ఆటల నుంచి తియ్యకుంటే నీ కొలువు పోతదంటుండు ప్రిన్సిపాలు. తీసేస్తే మిలిటరీకి అనుమానమొస్తది. అందుకే రోజూ ఓడుతున్నం, రోజూ అరుస్తున్న, రోడ్డవతలి క్యాంపుకు ఇనపడేటట్టు:

"చెయ్యెత్తురా ఐలేశం!"