గీతలు చెరిపే పని

మానసిక జబ్బుల పుస్తకాలంటే నాకు ఒళ్లుమంట. మా లైబ్రరీలో ఆ అరలోది ఏది తిరిగొచ్చినా, చదివినవాళ్లు 'అచ్చం నాలాగే' అనుకున్న ప్రతి వాక్యం కిందా పెన్సిల్ గీత ఉంటుంది. తలుపులు మూశాక అవన్నీ చెరిపే పని నా నెత్తిన పడుతుంది.

ఆ రాత్రి చేతిలో ఉన్నది కొత్త పుస్తకం. సాయంత్రమే నా చేత్తో ప్లాస్టిక్ కవరు చింపాను, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అయినా పేజీ నిండా గీతలే. 'ఈ రోగులకు అందరి మీదా విసుగే' అన్న వాక్యం కింద అయితే రెండు. పళ్లు నూరుకుంటూ చెరుపుతున్నాను. హాల్లో చప్పుడేదీ లేదు, నా చేతి కింద కాగితం గరగర తప్ప. ఎంత చెరిపినా గీతలు తగ్గడం లేదు.

ఎడమచేత్తో ఫోన్ తీసి, నాతో పనిచేసే అమ్మాయికి చేశాను.

"కొత్త పుస్తకం మీద గీశావెందుకే?"

"నేను ముట్టుకోనే లేదక్కా. అన్నట్టు, మన రబ్బరు పొరపాటున నా బ్యాగులో వచ్చేసింది. రేపు తెస్తాలే, చెరిపే పని ఇవాళ పెట్టుకోకు."

ఫోన్ పెట్టేశాను. గరగర మాత్రం ఆగలేదు. కుడిచేతి వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.