మొప్ప కింద కోత

“పెట్టె మూత తియ్యి నాన్నా.”

ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చిన కూతురు ఇంకా నర్సు బట్టల్లోనే ఉంది. ఆమె వెనకే గుమ్మంలో పడవల మేస్త్రీ నిలబడ్డాడు. పడవ కొంటాడని ఆమే వెంటబెట్టుకొచ్చింది.

“తీస్తే ఐసు కరుగుతుంది,” అన్నాడు తండ్రి, పెట్టె మీద కూర్చునే.

“లేస్తావా, లేపమంటావా?”

తండ్రి లేచాడు. మూత కింద తడి గోనెపట్ట. దాని కింద ఐసు ఒక వరస, చేపలు ఒక వరస, మళ్ళీ ఐసు. కరిగిన నీళ్ళు అడుగున ఉన్న చిల్లులోంచి బొట్టుబొట్టుగా బయటికి పోతున్నాయి. కూతురు ఒక చేపను ఎత్తి, మొప్ప విప్పి చూసింది.

“ఇవెక్కడివి?”

“బజారులో కొన్నా.”

“బజారులో నెత్తురు వార్చి అమ్మేదెవరు నాన్నా? పట్టిన నిమిషంలో మొప్ప కింద కోత పెట్టాలి, నెత్తురు పోగానే ఐసులో పడాలి, శుభ్రం చేసేదాకా కరిగిన నీళ్ళలో నానకూడదు. నాకు అక్షరాల కంటే ముందు ఈ పాఠం చెప్పిందెవరు?”

“నేనే. బాగానే ఒంటబట్టింది.”

“నవ్వకు. గుండెలో స్టెంటు వేసి నలభై రోజులు కాలేదు. తెడ్డు ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు. చూడు, కోత ఎడమ మొప్ప కింద పడింది. నీ కోత ఎప్పుడూ కుడి మొప్ప కిందే. చెయ్యి వణికింది కదూ?”

తండ్రి చేప వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత ఛాతీ విరుచుకున్నాడు.

“వణికితే వణికింది. అవును, వెళ్ళాను. రేపూ వెళ్తాను. ఏం చేసుకుంటావో చేసుకో!”

“ఏం చేస్తానా? బాబాయ్, పడవ ఇప్పుడే తోలుకుపో.”

మేస్త్రీ మెడ గోక్కున్నాడు. “పడవ మీ అమ్మ పేరు మీద ఉంది కదమ్మా. వదిన ఊఁ అనాలి.”

పెరటి గట్టు మీద తల్లి చేప పొలుసు గీరుతోంది. ఎడమచేతిలో కత్తి ఆగలేదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

“ఊఁ అను అమ్మా. పడవెక్కితే కళ్ళు తిరుగుతాయని జన్మంతా ఒడ్డునే కూర్చున్నావు. ఆ చెక్కల మీద నీకేం మమకారం?”

“పడవ అమ్మేది లేదు.”

“నువ్వు కూడానా? ఆయన్ని నీ చేతులారా చంపుకుంటావా?”

“నా చేతుల సంగతి నాకు తెలుసు. ముందు ఆ మూత వెయ్యి. చేప మెత్తబడితే దేనికీ పనికిరాదు.”

“నన్ను మాత్రం ఈ ఐసులో ఇరికించకండి,” అంటూ మేస్త్రీ మెల్లగా జారుకున్నాడు.

కూతురికి కళ్ళనీళ్ళు వచ్చాయి. చేపను పెట్టెలో పడేసింది.

“రోజూ ఎంతమంది గుండెలు ఆగిపోవడం చూస్తానో మీకు తెలీదు. అక్కడ అందరూ నా మాట వింటారు. ఇక్కడ మాత్రం దొందూ దొందే!”

గుమ్మం పక్కన తండ్రి చెప్పులు నిన్నటి దుమ్ముతో పొడిపొడిగా ఉన్నాయి. వాటిని దాటుకుని గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది.

పడేసిన చేపను తండ్రి మళ్ళీ వరసలో పెట్టాడు. దాని మీద ఐసు సర్ది, గోనెపట్ట కప్పి, మూత వేశాడు. గది తలుపు వైపు ఒకసారి చూసి, భార్య పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

“రేపు పడవలో కోత కుడిపక్క పెట్టవే.”