రోగి ఎడమ

“కత్తి అలాగేంట్రా పట్టుకున్నావు? బెండకాయలు తరుగుతావా?”

సత్తియ్య కత్తిని వేళ్ళ మధ్య సరిచేసుకున్నాడు. దుర్గారావు గారికి జవాబు చెబితే ఒక తిట్టు, చెప్పకపోతే రెండు.

“చెవుడా?”

“లేదండి.”

“అయితే బుర్ర లేదు. అదీ తెలిసిందేలే.”

గోదావరికి ఆనకట్ట పడి, కోనసీమలో కాలువలు తవ్వుతున్న రోజులవి. తవ్వకం కూలీల కోసం కొత్తపేటలో ఒక ఆసుపత్రి వెలిసింది. తాటాకు కప్పు, మట్టి గోడలు. దుర్గారావు గారే దానికి పెద్ద. మూత్రాశయంలో రాళ్ళు కోసి తీయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు. చెన్నపట్నంలో నేర్చుకొచ్చిన విద్య. ఆ సంగతి ఆయన మరిచిపోరు, ఎవరినీ మరిచిపోనివ్వరు.

సత్తియ్య ఆయన దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్ళయింది. అంతర్వేదిలో వలలు వేసుకునే ఇంటివాడు. గురువుగారు ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. “చేపలోడా” అనేవారు. మేక మూత్రపు తిత్తిలో గులకరాయి వేసి, నీళ్ళు నింపి, లోపలికి ఇనుపకడ్డీ పంపి రాయిని వెతకమనేవారు. కడ్డీ రాయికి తగిలి టక్కుమంటే, “గుడ్డోడికి గుమ్మం దొరికిందిరా” అని తోటి శిష్యుడు పెదబాబు వంక చూసి నవ్వేవారు.

ఆ నోటికి జడిసి ఒక శిష్యుడు చెప్పాపెట్టకుండా పారిపోయాడు. మురమళ్ళలో కొబ్బరి వ్యాపారం పెట్టుకున్నాడని తెలిసింది. “మంచి పని చేసేడు. కొబ్బరికాయలకి నొప్పి తెలీదు,” అన్నారు గురువుగారు.

సత్తియ్యకు ఆ మనిషంటే రోత. ఆ పొడుం మరకల కోటంటే రోత. జ్వరంతో వచ్చిన కూలీని కూడా కసిరే ఆ నోరంటే మరీ రోత. పైకి చేతులు కట్టుకుని నిలబడేవాడు. లోపల తిట్టుకు తిట్టు అప్పజెప్పేవాడు. విద్య తీసేస్తే ఈయనలో మనిషెంత మిగులుతాడు, అనుకునేవాడు.

ఇవాళ మొదటిసారి అతని చేతికి కత్తి వచ్చింది.

రోగికి నిన్నటి నుంచి మూత్రం బందు. రాయి దారికి అడ్డం పడింది. రాజమండ్రిలో దొర డాక్టరు ఉన్నాడు గానీ, గోదావరి వరద మీద ఉంది. పడవ కట్టేవాడు లేడు. ఇవాళ కొయ్యకపోతే రేపటికి శవమే. ఆ మాట అన్నది దుర్గారావు గారే. “ఉన్న గాడిదల్లో నువ్వు కాస్త నయం గాడిదవి. నువ్వే కొయ్యి,” అన్నదీ ఆయనే.

బల్ల మీద రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, చేతుల్ని చీలమండలకు కట్టేశారు. నడుము మీదుగా అడ్డంగా దుప్పటి వేలాడదీశారు. అది దుర్గారావు గారు మొదటి నుంచీ పెట్టిన పద్ధతి. మొహం చూస్తే జాలి పుడుతుందట. జాలి పుడితే పిరికి వెధవల చేతులు వణుకుతాయట.

గుమ్మంలో రోగి భార్య సత్తెమ్మ గారు నిలబడ్డారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“ఆయన మాటలు మనసులో పెట్టుకోకు నాయనా,” అన్నారు మెల్లగా. “చెయ్యి జాగ్రత్త.”

“ఆయ్, అలాగేనండి.”

పెదబాబు మత్తుమందు సీసా అందుకున్నాడు. “క్లోరోఫారం పట్టమంటారా అండి?”

“వద్దు.” దుప్పటి అవతల నుంచి కసిరారు దుర్గారావు గారు. “రోగి తెలివిలో ఉండాలి.”

“నొప్పికి తట్టుకోవద్దాండి?”

“నొప్పి నీదా? నోర్మూసుకుని కడ్డీ పట్టుకో.”

మొండి రాక్షసుడు, అనుకున్నాడు సత్తియ్య.

పెదబాబు కడ్డీని మూత్రాశయంలోకి పంపి నిలబెట్టాడు. దానికి పొడుగునా గాడి ఉంది. ఆ గాడి వెంటే కత్తి నడవాలి. తప్పితే పేగు తెగుతుంది, లేదా నెత్తురు ఆగదు.

“ఎడమ పక్కకి కొయ్యి.”

సత్తియ్య కత్తి మొన ఆనించాడు.

“నీ ఎడమ కాదురా దున్నా! రోగి ఎడమ!”

చెమట కళ్ళల్లోకి దిగింది. కత్తి అటు మార్చి గీశాడు. నెత్తురు కారింది. దుప్పటి అవతల ఒక మూలుగు. దాని వెంటే తిట్టు.

“నిమురుతున్నావా, కోస్తున్నావా? లోతుకి పోరా!”

ఒక్క క్షణం సత్తియ్య చెయ్యి ఆగింది. కత్తి వడ్లగింజంత పక్కకు పోతే చాలు, ఈ నోటికి ఇక మాట ఉండదు. ఆ ఆలోచన తనదేనని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. దవడలు బిగించి కత్తిని గాడిలో నడిపించాడు. వెచ్చని నీరు ఎగజిమ్మి మోచేతుల దాకా తడిపింది.

“దొరికింది దారి. వేలు పెట్టి చూడు. తగిలిందా?”

“తగిలిందండి.”

“పట్టుకారు తీసుకో. లాగకు! అటూ ఇటూ ఊపు... తెడ్డు వేసినట్టు... పుట్టినకాణ్ణుంచీ నువ్వు చేసింది అదేగా చేపలోడా.” గొంతు మధ్యలో విరిగింది.

రెండేళ్ళలో మొదటిసారి ఆ తిట్టు సత్తియ్యకు పనికొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఎదురు పోటుకి తెడ్డు వేసినట్టు మణికట్టు తిప్పాడు. ఒక్కో వెంట్రుకవాసి కదిలి, జాజికాయంత రాయి గరగరమంటూ బయటికొచ్చి గిన్నెలో పడింది.

ఆ చప్పుడుకి సత్తెమ్మ గారు గుమ్మంలోనే కూలబడిపోయారు.

“చూపించు.”

సత్తియ్య రాయిని దుప్పటి మీదుగా ఎత్తి పట్టుకున్నాడు.

“ఇంతేనా? దీనికా ఇంత యాగీ చేసేవు? నేనైతే ఈపాటికి చేతులు కడుక్కుని భోంచేద్దును.”

సత్తియ్య నెత్తురు చేతులు తుడుచుకున్నాడు. దుప్పటి పక్కకు లాగి, చీలమండలకు బిగించిన కట్లు ఒక్కొక్కటే విప్పి, బల్ల మీద పడుకుని ఉన్న దుర్గారావు గారి చేతుల్ని మెల్లగా కిందికి దించాడు.