ఆరో తూటా

ఆరు తూటాలు ముట్టిస్తే అయిదే పేలాయి.

పేతురు వేళ్ళు మడిచి మళ్ళీ లెక్క చూసుకున్నాడు. అయిదే. ఆరోది రాతిలోనే ఉండిపోయింది.

పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీ పక్కనే రోడ్డు. తూటాలు పేల్చేటప్పుడు ఎర్రజెండా పాతి బస్సులు ఆపేస్తారు. ఆ రోజు గుంటూరు నుంచి వచ్చిన మాచర్ల బస్సు ఇటు, మాచర్ల నుంచి వచ్చిన గుంటూరు బస్సు అటు ఆగిపోయాయి. జనం దిగి పీరాంబీ టీకొట్టు దగ్గర మూగారు.

"అయిపోయింది నీ పని," అన్నాడు క్వారీ గుమాస్తా బ్రహ్మయ్య, అక్కడే బల్ల మీద పేపరు విప్పుతూ. "పోయిన వారం ఒకటి, ఇయ్యాళ ఒకటి. రేపట్నుంచి నువ్వు కంకర కొట్టుకో. తూటాలు హనుమయ్య పేలుస్తాడు."

పదేళ్ళుగా ఆ క్వారీలో తూటాల మిస్త్రీ పేతురే. ఆ పేరు పోతే అతనికి మిగిలేది సుత్తి ఒక్కటే.

"ఎందుకు పేల్లేదో చూడకుండానే తీసేస్తారా?"

"చూసేదేంది? నీకు చేతగాలేదు, అంతే. అరగంట ఆగి హనుమయ్యే బండ ఎక్కి చూస్తాడు."

"ఎక్కేది నేను," అన్నాడు పేతురు. "ముట్టించినోడే ఎక్కి చూడాల. మీరు రాకముందు నుంచీ ఇక్కడ అదే కట్టుబాటు. తీసేస్తే దిగొచ్చాక తీసెయ్యండి."

అరగంట ఆగక తప్పదు. పేలని తూటా దగ్గరికి తొందరపడి పోయినవాళ్ళు తిరిగి రారు.

అంతసేపు నోరు మూసుకోవడం బ్రహ్మయ్య వల్ల అయ్యే పని కాదు. పేపరు పైకెత్తి అందరికీ వినబడేలా అందుకున్నాడు.

"ఇన్నారా? కేరళ ఒడ్డున మన రాకెట్టు ఇట్టా లేచి అట్టా సముద్రంలో పడిందంట. మొన్న క్రిస్మస్‌కి అమెరికావాళ్ళు చంద్రుడి చుట్టూ తిరిగొచ్చారు. మనోళ్ళేమో దేశం పరువు గంగలో కలిపారు."

"తప్పెవరిదంట?" అడిగాడు ఒక ప్రయాణికుడు.

"ఎవడిదైతే ఏంది? మీట నొక్కినోణ్ణి పట్టుకొని నలుగురిలో నిలబెట్టి చెప్పుతో కొట్టాల."

అందరూ నవ్వారు. బల్ల చివర కూర్చున్న మనిషి మాత్రం నవ్వలేదు. మాచర్ల వెళ్ళే బస్సులోంచి దిగినవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నలిగిన తెల్లచొక్కా, కాళ్ళ దగ్గర తోలుపెట్టె. గ్లాసు పట్టుకున్నాడేగాని తాగడం లేదు.

"ఎందుకు పడిందో రాశారా?" అన్నాడు మెల్లగా.

"పడింది. ఇంకా ఎందుకేంది?"

పేతురుకు ఒళ్ళు మండింది. రాకెట్టంటే ఏమిటో అతనికి సరిగ్గా తెలియదు. ఆ తిట్టు మాత్రం తనకే తగిలినట్టయింది.

"వాళ్ళు ఎగరేశారు కాబట్టి పడింది. మీరేం ఎగరేశారు గుమాస్తా గారూ?"

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి బ్రహ్మయ్య నవ్వలేదు.

తెల్లచొక్కా మనిషి పేతురు వైపు జరిగాడు.

"మీరే ఎక్కాలా? ఇంకొకరు వెళ్ళి చూడకూడదా?"

"ఇంకోడికేం తెలుస్తది? మందు ఎంత కూరానో, వత్తి ఎట్టా ఏశానో నా చేతికే తెలుసు."

"చూశాక, తప్పు మీదేనని తేలితే?"

"తేలితే తేలింది. నాదేనని చెప్పి మళ్ళా కూరతా."

"నాక్కూడా ఒకసారి..." అని ఆ మనిషి ఏదో చెప్పబోయాడు.

బ్రహ్మయ్య మీది కోపం పేతురు అతని మీద చూపించాడు.

"మీకేం తెలుసు బాబూ. చదువుకున్నోళ్ళు. పని చెడితే పెట్టె సర్దుకొని ఇంటికి పోతారు. మాకట్టా కుదరదు."

ఆ మనిషి ముఖం పాలిపోయింది. తాగని గ్లాసు బల్ల మీద పెట్టాడు.

అరగంట అయింది. పేతురు ఒక్కడే పైకెక్కాడు. పీరాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వినవాళ్ళంతా మెడలెత్తి చూశారు.

కాసేపటికి అతను ఒక వత్తి ముక్క పట్టుకొని దిగి వచ్చాడు.

"పక్క తూటా పేలినప్పుడు రాయి ఎగిరొచ్చి వత్తిని కోసేసింది. రెండు తూటాల గుంటలూ మరీ దగ్గర పెట్టా. తప్పు నాదే. ఇకనుంచి ఎడంగా పెడతా." బ్రహ్మయ్య కళ్ళలోకి చూశాడు. "ఇప్పుడు మాత్రం నేనే ముట్టిస్తా. ఆపుతారా?"

బ్రహ్మయ్య పేపరులోకి తల దూర్చాడు.

పేతురు కొత్త వత్తి వేసి ముట్టించి వచ్చాడు. ఆరో తూటా పేలింది. టీకొట్టు రేకులు గడగడలాడాయి.

ఎర్రజెండా దించారు. జనం బస్సులెక్కారు. తెల్లచొక్కా మనిషి తన బస్సు ఎక్కలేదు. పెట్టె తీసుకొని రోడ్డు దాటి, గుంటూరు వెళ్ళే బస్సెక్కాడు.

"చూశారా," అన్నాడు బ్రహ్మయ్య. "మాచర్ల పోయే మనిషి మోతకి జడిసి ఎనక్కి పరుగెత్తాడు."

అందరికంటే గట్టిగా నవ్వింది పేతురే.

రెండు నెలలు గడిచాయి. హనుమయ్య ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఒక పొద్దున బ్రహ్మయ్య పేపరు తెచ్చి, పైకి చదవకుండా పేతురు ముందు పెట్టాడు.

"మన రాకెట్టు లేచిందంట."

"మంచిదేగా."

"బొమ్మ చూడు."

పేతురుకు చదువు రాదు. కానీ రాకెట్టు పక్కన నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి చదువుతో పని లేదు. నోరు పారేసుకున్నందుకు అతనికి సిగ్గేసింది. కనీసం పేరైనా అడగలేదు.

"ఏం రాశారు గుమాస్తా గారూ?"

బ్రహ్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"తిట్లు పడలేక రాజీనామా రాసిచ్చి మాచర్లలో తల్లి దగ్గరికి బయల్దేరాడంట. దారిలోంచే ఎనక్కి పోయి, జాలరోళ్ళ పడవెక్కి, సముద్రంలో ముక్కలన్నీ ఏరించి తప్పెక్కడుందో పట్టుకున్నాడంట."

"ఏ ముక్కలు?"

"అప్పుడు పడ్డ రాకెట్టువి పేతురూ," అన్నాడు బ్రహ్మయ్య, తల ఎత్తకుండా. "దానికి మీట నొక్కింది ఈయనేనంట."