సీలు విప్పని ఫోను

“ఓటీపీ చెప్పు బిడ్డా, టైమైతుంది,” అంది అండాలమ్మ.

మధు ఓటీపీ వచ్చిన పాత ఫోనును గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గరున్న ఆ సెల్‌ఫోన్ల షాపు యోగేందర్‌ది. తల్లీకొడుకులది అతని ఊరే. వాయిదాల మీద కొత్త ఫోను తీసుకుని, డబ్బా సీలైనా విప్పకుండా అక్కడే తక్కువ ధరకు అమ్మి, ఆ నగదు పందేల్లో తగలేసే కుర్రాళ్లను అతను రోజూ చూస్తూనే ఉంటాడు. మధు కూడా ఆ దారి పడతాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

“గిది మూడో ఫోను గదరా! జీతమంతా కిస్తీలకే పాయె. ఇంట్ల ఏం తింటరు?” అన్నాడు యోగేందర్ మధుతో.

మధు పాత ఫోను తెరను బొటనవేలితో తుడుస్తున్నాడు.

“అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయి లెక్క నిలబడ్డవేంది?” యోగేందర్ చూపు అండాలమ్మ చెవుల మీద పడింది. కమ్మలు లేవు. “అమ్మ కమ్మలు గుడ అమ్ముకున్నవారా?”

మధు తల్లి వైపు చూశాడు. ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది.

“అవును మామా,” అన్నాడు మెల్లగా.

“ఆగు, మీ నాయినకు ఫోన్ జేస్త.”

“వద్దు మామా!” మధు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “నాయినకు తెలిస్తే ఇల్లు ఆగమైతది. తప్పు నాదే. నన్ను కొట్టు, తిట్టు, ఏమన్న జెయ్యి. నాయినకు మాత్రం చెప్పకు.”

“పిల్లగాన్ని ఏమనకు తమ్మీ,” అండాలమ్మ ఏడ్చేసింది. “అప్పులోళ్లు ఇంటి మీదికొస్తుండ్రు. నీ కాళ్లు మొక్కుత. గిదే ఆఖరు. ఇయ్యాల్టితోని అన్నీ తీరిపోతయి.”

“పోయినసారి గుడ గిట్లనే అంటివి అక్కా.”

ఆమె నిజంగానే కాళ్ల మీద పడబోయింది. అది చూడలేక మధు గబగబా ఓటీపీ చెప్పేశాడు. యోగేందర్ నీతులు చెబుతూనే ఏడు వేలు తగ్గించుకుని, మిగతా నగదు వాడి చేతిలో పెట్టాడు. ఫోను మళ్లీ అద్దాల బీరువాలోకి చేరింది.

తల్లీకొడుకులు బయటికెళ్లారు. తలుపు అద్దం అవతల మాటలు వినబడటం లేదు కానీ, పెనుగులాట కనబడుతోంది. మధు డబ్బు వదలడం లేదు. అండాలమ్మ లాగుతోంది. వాడు ఏదో బతిమాలుతున్నాడు, ఏడుస్తున్నాడు. చివరికి ఆమె వాడి చెంప మీద ఒక్కటిచ్చి డబ్బు గుంజుకుంది.

‘మంచి పని జేసినవ్ అక్కా,’ అనుకున్నాడు యోగేందర్. ఇక ఆ డబ్బు అప్పులకే పోతుందని అతని మనసు కుదుటపడింది.

మధు ఫుట్‌పాత్ మీదే కూలబడ్డాడు. అండాలమ్మ వెనక్కి కూడా చూడకుండా, కదలబోతున్న చంపాపేట్ షేర్ ఆటో ఎక్కేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని ఫోను తీసింది.

“పత్తాలాట షురూ జెయ్యకుండ్రి, నేనొచ్చినంకనే ముక్కలెయ్యుండ్రి.”