ముందు గుక్క

బస్సు దిగిన నరసింగరావు చేతిలోని సంచీని కొండమీదికి దారి చూపడానికొచ్చిన మనిషి అడగకుండానే తీసుకుని టీకొట్టు అరుగు మీద గుమ్మరించాడు.

రెండు జతల బట్టలు, టార్చిలైటు, టిఫిన్ క్యారియర్, తలనూనె సీసా, భార్య పొట్లం కట్టిచ్చిన జంతికలు.

"ఏటిది? నా సామాన్లు ఎందుకు తీస్తన్నావు?"

"కొండ బాబూ. బరువుంటే దిగలేరు."

ఎక్కలేరు అనాల్సిన చోట దిగలేరు అన్నాడు. నరసింగరావుకు ఆ మాట నచ్చలేదు.

"ఆ బూట్లు కూడా ఇప్పీండి. పరుగెట్టాలంటే ఒట్టి కాళ్ళే మంచివి."

"పరుగెందుకు?"

ఆ మనిషి తారుడబ్బా తన భుజానికి తగిలించుకున్నాడు. అతని నడుముకు కల్లుగీత కత్తి వేలాడుతోంది.

"ఈడు గంగులు బాబూ, ఇప్పగూడ మనిషి. ఆడితో ఎల్లండి, పర్వానేదు" అంది టీకొట్టు నారాయణమ్మ, బూట్లతో సహా సామాన్లు మూట కడుతూ.

చివరికి మిగిలినవి లెక్కపుస్తకం, తారుడబ్బా, ఒక తువ్వాలు.

నరసింగరావు ఆబ్కారీ ఆఫీసులో గుమస్తా. ఇప్పగూడ కొండమీద కల్లు గీసే జీలుగు చెట్లకు తారుతో నంబర్లు వేసి రమ్మని పంపారు. నంబరు పడితే చెట్టుకు పన్ను పడుతుంది. ఆ సంగతి కొండమీద అందరికీ తెలుసు. అసలే అరవైతొమ్మిదో సంవత్సరం, కొండల్లో గిరిజనుల తిరుగుబాటు నడుస్తున్న రోజులు, కొండల మాటెత్తితే శ్రీకాకుళంలో జనం గొంతు తగ్గించేవారు. 

మొదటి చెట్టు కింద అయిదారుగురు కూర్చుని ఉన్నారు. ఒకతను కుండ దించి, అడ్డాకు దొప్పలో కల్లు పోసి నరసింగరావుకు చాచాడు.

మధ్యలో గంగులు చెయ్యి వచ్చింది. దొప్ప లాక్కుని ఒక గుక్క తాగాడు. కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, అప్పుడు అందించాడు.

"ఎంగిలి చేసి ఇస్తావేటి?"

"తాగొద్దు బాబూ. పెదాలకి తాకించి ఇచ్చీండి."

నరసింగరావుకు ఒళ్ళు మండింది. కల్లు పక్కకు పారబోశాడు.

కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  తిట్టినా కొంత ధైర్యంగా ఉండేది.

చెట్టు మీద అతను వేసిన ఒకటో నంబరు వంకరగా వచ్చింది.

మధ్యాహ్నానికి పదకొండు చెట్లయ్యాయి. ప్రతి చెట్టు దగ్గరా దొప్ప రావడం, గంగులు ముందు తాగడం, నరసింగరావు పారబోయడం.

'నా పేరు చెప్పుకుని పండగ చేసుకుంటున్నాడు, తాగుబోతు వెధవ' అనుకున్నాడు నరసింగరావు.

పన్నెండో చెట్టు దగ్గర కుండ దించలేదు. ఒక ముసలాయన ఇంట్లోంచి ఆనప బుర్రలో కల్లు పట్టుకొచ్చాడు.

గంగులు ముసలాయన్ని చాలాసేపు చూశాడు. రెండు చేతులతో బుర్ర అందుకున్నాడు. గుక్క తాగి ఈసారి కింద కూర్చుండిపోయాడు. నుదురంతా చెమట.

తర్వాత లేచి బుర్ర అందించాడు. నరసింగరావు మామూలుగానే పారబోశాడు.

ముసలాయన కాండ్రించి ఉమ్మాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

"ఇంక సాలు బాబూ, దిగిపోదాం" అన్నాడు గంగులు మెల్లగా.

"ఇంకా ఆరు చెట్లున్నాయి."

"దిగండి."

ఆ మాటతో పాటే కత్తి చేతిలోకి వచ్చింది.

నరసింగరావు ముందు, గంగులు వెనక. నువ్వు ముందు నడు అంటే గంగులు వినడు. వెనక ఆకు కదిలినప్పుడల్లా కత్తి మెడ మీద పడుతుందనే అనిపించింది. పెళ్ళాం, పిల్లలు గుర్తొచ్చారు. మళ్ళీ వాళ్ళ మొహాలు చూస్తే చాలనుకున్నాడు. రాయి గుచ్చుకుని పాదం చిట్లినా ఆగలేదు.

కొండ దిగువన ఆ ఏడే పెట్టిన పోలీసు ఔట్‌పోస్టు. జవాను తుపాకీ అడ్డం పెట్టాడు.

"ఎవడీడు? మీ మనిషేనా?"

నరసింగరావుకు అప్పటికి గాని ఊపిరి అందలేదు.

"నాకు తెలీదండి. పొద్దుట్నుంచీ కత్తి పెట్టుకుని నా ఎనకే తిరుగుతన్నాడు."

గంగులు ఒక్కసారి అతని మొహంలోకి చూశాడు. కత్తి కింద పెట్టాడు. తారుడబ్బా కూడా జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

గంగుల్ని జీపెక్కించారు. ఆ ఏడు ఆ జీపెక్కినవాళ్ళ గురించి మళ్ళీ ఎవరూ ఆరా తీసేవారు కాదు.

టీకొట్టు దగ్గర నారాయణమ్మ మూట తెచ్చి ముందు పెట్టింది.

"గంగులేడి బాబూ?"

"ఆ తాగుబోతా? పోలీసులు పట్టుకెళ్ళారు. నాకిచ్చిన ప్రతి దొప్పా తనే ముందు తాగేశాడు."

నారాయణమ్మ మూట మీంచి చెయ్యి తీసేసింది.

"కొండమీద కొత్తమనిషిని తీసుకెల్లినోడే ముందు గుక్క తాగాల బాబూ. అందులో ఇసం ఉంటే ఆడు పోతాడు, సుట్టం బతుకుతాడు. అది ఆళ్ళ కట్టడి."

నరసింగరావు అరుగు మీద కూలబడ్డాడు.

"నేనతనికి ఏమవుతానని?"

"ఏటీ అవరు" అంది నారాయణమ్మ, జీపు పోయిన దారికేసి చూస్తూ. "నిరుడు మీలాగే సెట్లు రాయడానికొచ్చిన గుమస్తా కోసం ముందు గుక్క తాగి సచ్చిపోయినోడు ఆడి కొడుకే."