చందా కట్టని ఊరు

"ఊళ్లో ఒక్కడూ చందా కట్టలేదు. మా పత్రిక సీరియల్ మాత్రం ఊరంతటికీ తెలుసు. ఎట్లా?"

ఏన్కూరు సెంటర్‌లో కోటేష్ టీ కొట్టు ముందు బండి దిగీ దిగకముందే అడిగాడు నాగచైతన్య. అచ్చు ఆపేసి ఫోన్లోకి మారిన ఖమ్మం వారపత్రికకు చందాదారులను చేర్పించడం అతని ఉద్యోగం. ఈ నెల కూడా ఎవరూ చేరకపోతే ఆ ఉద్యోగం ఉండదని యజమాని చెప్పేశాడు.

"నాకేం ఎరుక సారూ," అన్నాడు కోటేష్, టీ వడపోస్తూ.

"వారం వారం చదివి వినిపించేది నువ్వేనట."

"అవ్. పుస్తకం వచ్చినప్పుడు గూడ గంతే గదా. ఒక్కటి కొంటే ఇరవై మంది చదివేటోళ్లు. అప్పుడేం అనకపోతిరి."

"అప్పుడు ఆ ఒక్కటైనా కొన్నారు. ఇప్పుడు దొంగ కాపీ వాట్సాప్‌లో ఎవడు పంపుతున్నాడు? పేరు చెప్పు. లేకపోతే నీ మీదే కేసు పెడతా."

"ఎవలు పంపుతలేరు సారూ."

మిర్చి ఏరి వచ్చి బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లలో గోరి అనే ఆమె విసుక్కుంది.

"మీ పంచాయితి తర్వాత పెట్టుకోండ్రి. కోటేషన్నా, పడవ తాడు తెగె, శ్యామల ఏమాయె? జల్దీ చదువు."

కోటేష్ ఫోన్ తీశాడు. నాగచైతన్య అడ్డు చెప్పలేదు. చదువుతుండగా పట్టుకుంటే సాక్ష్యం దొరుకుతుంది. అతను మాత్రం ఆ సీరియల్ ఎప్పుడూ చదవలేదు. పత్రికలో జీతం తీసుకునేవాళ్లు పత్రిక చదవడం ఎక్కడా లేదు.

కోటేష్ వేలితో తెర పైకి తోస్తూ చదువుతున్నాడు. గోదావరి పోటు మీదుంది. శ్యామల పడవ అంచు పట్టుకుని వేలాడుతోంది. ఈత వచ్చిన మొగుడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"వాని కాళ్లిరగ!" అంది గోరి. వెనక ఎవరో ముక్కు చీదారు. పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ చూడలేదు.

నాగచైతన్య ఒక్క దూకులో ఫోన్ లాక్కున్నాడు.

"దొరికావ్!"

"ఇచ్చెయ్ సారూ!" గోరి లేచి నిలబడింది. "ఆ పిల్ల ఇంక నీళ్లల్లనే ఉంది!"

అతను తెర చూశాడు. పైన సీరియల్ పేరు. కింద ఉచితంగా చూపించే రెండు వాక్యాలు. ఆ తర్వాత అంతా తెల్లగా ఖాళీ. ఖాళీ మధ్యలో ఒకే ఒక్క ముక్క:

"మిగతా కథ చదవాలంటే చందా కట్టండి."